బందరు తీరంలో పోయిన తెరచాప ఓడ జాడ తీయడం ఎలా

రోజూ బందరు రోడ్డు మీద తిరిగే బెజవాడ వాళ్లకు కూడా బందరు అంటే పారసీలో రేవు అన్న సంగతి చప్పున గుర్తుకు రాదు. డచ్చివారు 1605లో అక్కడ కోఠీ, అంటే వర్తక స్థావరం, పెట్టుకున్నారు. ఇంగ్లీషు కంపెనీ ఓడ గ్లోబ్ 1611 ఆగస్టులో వచ్చింది, అది కూడా బందరు కంటే ముందు గుంటూరు వైపు నిజాంపట్నంలో లంగరు వేసింది. ఆనాటి నుంచి ఆవిరి ఓడలు వచ్చేదాకా రెండున్నర శతాబ్దాలు ఈ తీరం తెరచాపలదే. ఆ కాలంలో ఇక్కడ పోయిన ఓడ ఒకటి ఎప్పుడు పోయింది, ఎక్కడ పోయింది, ఎందుకు పోయింది అన్నది కాగితాల మీద తేల్చడం ఎలాగో ఇక్కడ చెబుతున్నాం. సముద్రంలో దిగే పని లేదు. ముప్పాతిక వంతు పని ఇంట్లో కంప్యూటరు ముందే అవుతుంది.

"ఫలానా ఓడ ఫలానా తేదీన మసూలిపటామ్ రేవులో పోయింది" అని ఒక్క వాక్యం దొరకగానే పని అయిపోయిందనుకుంటారు. అందులో తేదీని నమ్మడానికి లేదు, రేవును నమ్మడానికి లేదు, "పోయింది" అన్న మాటను అసలే నమ్మడానికి లేదు. మూడింటినీ ఈనాటి లెక్కలోకి మార్చుకున్నాకే వెతుకులాట మొదలుపెట్టాలి.

పేర్ల తిప్పలు

మచిలీపట్నాన్ని మసూలిపటామ్, మసూలిపట్నమ్, మెచిలిపటామ్ అంటూ ఎవరి నోరు తిరిగినట్టు వాళ్లు రాశారు. నిజాంపట్నం పాత కాగితాల్లో పెటపోలి, పెట్టిపోలీ అని కనిపిస్తుంది. పక్కనున్న పెద్దపల్లి పేరే అలా మారింది. నరసాపురం దగ్గరి మాధవాయిపాలెం మడపోలమ్ అయింది. వట్టి "బందర్" అని వెతికితే పారసీక తీరం రేవులన్నీ వచ్చి పడతాయి. దివి కోసం వెతికితే గుజరాత్ పక్కనున్న డయ్యూ అడ్డం వస్తుంది. కనుక వెతకడానికి కూర్చునే ముందే ఒక్కో ఊరికి ఐదారు రకాల వర్ణక్రమాలు కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఓడల పేర్లదీ ఇదే గొడవ. ఒకే పేరుతో ఒకే ఏడాదిలో మూడు నాలుగు ఓడలు తిరిగేవి. పేరు ఒక్కటే కలిస్తే చాలదు. కెప్టెన్ పేరు, ఎన్ని టన్నుల ఓడ, ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోంది అన్న మూడింటిలో కనీసం రెండు కలిస్తేనే అది మీ ఓడ.

తేదీ

ఎక్కువమంది దారి తప్పేది ఇక్కడే. ఇంగ్లీషువారు 1752 సెప్టెంబరు 2 దాకా పాత (జూలియన్) పంచాంగం వాడారు. ఆ మర్నాడు వాళ్లకు ఏకంగా సెప్టెంబరు 14 అయింది. ఫ్రెంచివారు, డచ్ కంపెనీవారు అంతకు నూటా డెబ్బై ఏళ్ల ముందు నుంచే కొత్త (గ్రెగోరియన్) పంచాంగంలో ఉన్నారు. కాబట్టి ఇంగ్లీషు కాగితంలో 1700 ఫిబ్రవరి ఆఖరు దాకా ఉన్న తేదీలకు 10 రోజులు, ఆ తర్వాత 1752 దాకా ఉన్నవాటికి 11 రోజులు కలపాలి.

దీన్ని పట్టించుకోకపోతే ఏమవుతుందో చూడండి. 1746లో మద్రాసు పట్టుకున్న ఫ్రెంచి సేనాని లాబుర్దొనే నౌకాదళాన్ని ఒక తుపాను చితక్కొట్టింది. ఫ్రెంచి కాగితాల ప్రకారం అది అక్టోబరు 13 రాత్రి, ఇంగ్లీషు కాగితాల ప్రకారం అక్టోబరు 2 రాత్రి. తుపాను ఒక్కటే. పంచాంగం సంగతి తెలియనివాళ్లు దాన్ని రెండు తుపాన్లుగా లెక్క వేస్తారు.

పాత ఇంగ్లీషు లెక్కలో ఏడాది మొదలయ్యేది మార్చి 25న. 1748 ఫిబ్రవరి అని ఉంటే అది మనకు 1749 ఫిబ్రవరి. జాగ్రత్తపరులు 1748/9 అని రెండూ రాసేవారు, అందరూ అలా రాయలేదు.

మూడో మెలిక ఓడ రోజుది. సముద్రం మీద ఉన్న ఓడ దినచర్యలో (లాగ్‌బుక్‌లో) రోజు మధ్యాహ్నం నుంచి మధ్యాహ్నం దాకా నడుస్తుంది, పైగా ఊళ్లో రోజు కంటే పన్నెండు గంటలు ముందే మొదలవుతుంది. దినచర్యలో 14వ తేదీ సాయంత్రం అని ఉంటే ఊళ్లో అది 13వ తేదీ సాయంత్రం. 14 ఉదయం మాత్రం 14 ఉదయమే. బ్రిటిష్ నౌకాదళం ఈ పద్ధతిని 1805లో మానేసింది, కంపెనీ ఓడలు ఇంకొన్నాళ్లు వదల్లేదు. రేవులో లంగరు మీద ఉన్నప్పుడు చాలాసార్లు మామూలు రోజే రాసేవారు. అందుకని ఒక తేదీ పేజీలో సాయంత్రం ముందు వచ్చి ఉదయం తర్వాత వస్తోందా అన్నది చూడండి. వస్తే అది ఓడ రోజు.

ఏ కాగితం ఎక్కడ

ఓడల కబుర్లు వేసే లండన్ పత్రిక లాయిడ్స్ లిస్ట్‌తో మొదలుపెట్టండి. మిగిలి ఉన్న సంచికలు 1741 నుంచి ఉన్నాయి, మధ్యలో కొన్ని ఏళ్లు లేవు. 1826 దాకా హాతీట్రస్ట్ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో ఉచితంగా చదువుకోవచ్చు. వారానికి రెండుసార్లు వచ్చేది, 1837 నుంచి దినపత్రిక అయింది. మన తీరం కబురు లండన్ చేరడానికి ఐదారు నెలలు పట్టేది, ఒక్కోసారి ఏడాది. నవంబరులో మునిగిన ఓడను నవంబరు సంచికల్లో వెతికితే ఏమీ దొరకదు. వచ్చే ఏడాది ఏప్రిల్ నుంచి మొదలుపెట్టి డిసెంబరు దాకా తిరగేయాలి. మద్రాసులోనే అచ్చయిన మద్రాస్ కొరియర్ 1785లో మొదలైంది. ఆ తర్వాతి కాలానికి అయితే కబురు అందులో ముందు దొరుకుతుంది.

కంపెనీ ఓడల దినచర్యలు లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ దస్తాల్లో ఉన్నాయి. డచ్ ఓడ అయితే పని తేలిక. 1595 నుంచి 1795 దాకా యూరపుకూ ఆసియాకూ మధ్య నడిచిన డచ్ ప్రయాణాలన్నిటికీ నెదర్లాండ్స్‌లో ఉచిత డేటాబేస్ ఉంది. ఓడ, కెప్టెన్, బయల్దేరిన రోజు, చేరిన రోజు, చేరకపోతే ఏమైంది అన్నవన్నీ వరసగా వస్తాయి. కానీ బటావియా (ఇప్పటి జకార్తా) నుంచి బందరుకు, బందరు నుంచి సింహళానికి తిరిగిన స్థానిక ప్రయాణాలు అందులో ఉండవు. వాటి కోసం హేగ్ జాతీయ ఆర్కైవ్స్‌లోని డచ్ కంపెనీ ఉత్తరాల్లోకి దిగాలి. ఆ చేతిరాతను యంత్రంతో చదివించి వెతుక్కునే వీలు కల్పించిన గ్లోబలైజ్ అనే ప్రాజెక్టు ఉంది. పాత డచ్చి రాకపోయినా ఓడ పేరూ ఊరి పేరూ కొట్టి చూడొచ్చు.

అన్నిటికంటే గట్టి సాక్ష్యం మాత్రం చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉంది. కృష్ణా, గుంటూరు జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి కాబట్టి మచిలీపట్నం కోఠీ దస్తాలు అక్కడికి చేరాయి. ముందుగా అనుమతి కోరుతూ దరఖాస్తు పెట్టుకుని, ఏ ఏడాది ఏ నెల కావాలో తేల్చుకుని మరీ వెళ్లండి. తేదీ ఖాయం కాకుండా వెళ్తే మూడు రోజులు దస్తాలు తిప్పి వట్టి చేతులతో రాత్రి రైలెక్కాల్సి వస్తుంది.

ఒకే సంఘటనకు రెండు కాగితాలు రెండు రకాలుగా చెబితే సంఘటనకు దగ్గరలో, తొందరగా రాసినదాన్నే నమ్మాలి. బతికి బయటపడ్డవాళ్లు వారం లోపల ఇచ్చిన వాంగ్మూలం మొదటిది. తర్వాత కోఠీ కౌన్సిల్ దస్తా, ఆ తర్వాత మద్రాసు పత్రిక, ఆపైన లండన్ పత్రిక. ఎవరో వందేళ్లకు కూర్చిన పట్టిక అన్నిటికంటే ఆఖర్న.

"పోయింది" అంటే?

ఇంగ్లీషు కాగితాల్లో నాలుగైదు మాటలు ఉంటాయి, వాటికి తేడా తెలియాలి. ఫౌండర్డ్ అంటే నడి సముద్రంలో నీళ్లు నిండి మునిగింది, ఒడ్డుకు శిథిలం రాదు. స్ట్రాండెడ్, ఆన్ షోర్ అంటే మెరక ఎక్కింది అంతే. సరుకు దించి, పోటు వచ్చినప్పుడు లాగేస్తే మళ్లీ తేలేది. ఆరు నెలల తర్వాతి సంచికలో అదే ఓడ హాయిగా కలకత్తాలో కనిపించొచ్చు. బిల్జ్‌డ్ అంటే అడుగు పగిలింది, ఇక ఆశ లేదు. పార్టెడ్ హర్ కేబుల్స్ అంటే లంగరు మోకులు తెగాయి. స్పోకెన్ విత్ అంటే ఇంకో ఓడ దీన్ని దారిలో చూసి పలకరించింది. జాడ లేకుండా పోయిన ఓడకు చాలాసార్లు ఆఖరి సాక్ష్యం ఆ పలకరింపే, కానీ ఆ తేదీని మునిగిన తేదీగా రాసెయ్యకండి.

మన తీరంలో ఎక్కువగా కనిపించేది మోకులు తెగిన కథే. ఆ కాలంలో బందరుకు పెద్ద ఓడలు వచ్చి ఆగే ఓడరేవు ఉండేది కాదు, అదంతా బాహాటమైన సముద్రం. సముద్రపు నేల చాలా మెల్లగా లోతవుతూ పోతుంది కాబట్టి పెద్ద ఓడలు ఒడ్డుకు ఐదు మైళ్ల దూరంలో ఆగేవి. సరుకూ మనుషులూ మసూలా పడవల మీద రావాలి. మేకులు లేకుండా పలకలను కొబ్బరి తాడుతో కుట్టిన పడవలవి. అలల్లో నేలకు కొట్టుకున్నా పగలకుండా వంగుతాయి. అందుకని "మసూలిపటామ్ రేవులో" అని ఉంటే కోట దగ్గర అని కాదు, ఎనిమిది కిలోమీటర్ల అవతల అని చదువుకోవాలి.

తుపాను మొదట్లో గాలి ఈశాన్యం నుంచి కొడితే ఓడ ఒడ్డు వైపు నెట్టుకుపోతుంది. మోకు నరికేసి వెంటనే నడి సముద్రానికి పోయిన కెప్టెన్‌కు బతికే అవకాశం ఉంటుంది. సరుకు సగం దిగిందనో, లంగరు ఖరీదైనదనో ఒక పూట ఆగినవాడు ఇక ఎదురుగాలిలో బయటపడలేడు. నారతో పేనిన మోకు అడుగున రాపిడికి తెగుతుంది. ఇనుప గొలుసులు వాడకంలోకి వచ్చింది 19వ శతాబ్దంలోనే. గాలి పట్టు తగ్గించడానికి తెరచాప కొయ్యలు నరికేసేవారు. వాంగ్మూలంలో "కొయ్యలు నరికాం" అన్న గంట కనిపిస్తే అప్పటికే ఆశ వదులుకున్నారని అర్థం.

అక్టోబరు మధ్య నుంచి డిసెంబరు మధ్య దాకా ఈ తీరంలో ఓడలు నిలపకూడదన్నది కంపెనీ కాలపు పద్ధతి. అలాగని మిగతా నెలలు వదిలేయకండి. నౌకాదళ ఓడ నామూర్ కడలూరు దగ్గర 520 మందితో మునిగింది పాత పంచాంగం 1749 ఏప్రిల్ 13న, అంటే మన లెక్కలో ఏప్రిల్ 24. పాండిచ్చేరి ముట్టడిలో ఉన్న బ్రిటిష్ ఓడలు కొన్ని పోయింది 1761 జనవరి 1న.

చోటు లెక్క

ఓడవాళ్లు అక్షాంశం బాగానే కొలిచేవారు. రేఖాంశంతోనే ఇబ్బంది, 18వ శతాబ్దం చివర కాలమాపక గడియారాలు అందేదాకా అది చాలావరకు అంచనాయే. పైగా సున్నా ఎక్కడి నుంచి అన్నది దేశానికొక తీరు. ఫ్రెంచివారు పారిస్ నుంచి లెక్కపెడితే 2°20′ కలపాలి. డచ్చివారు టెనెరిఫ్ శిఖరం నుంచి లెక్కపెడితే సుమారు 16°40′ తీసేయాలి. దూరాలు కూడా అంతే. ఇంగ్లీషు లీగు 5.56 కిలోమీటర్లు, డచ్ మైలు 7.4 కిలోమీటర్లు. లోతు ఫాదమ్‌ల్లో ఉంటుంది, అది మన జాలరుల బారే, 1.83 మీటర్లు.

ఒక లెక్క చేసి చూద్దాం. దినచర్యలో "మధ్యాహ్నం దివి పాయింటు వాయవ్యానికి ఒక పాయింటు ఉత్తరంగా, 5 లీగుల దూరం, 12 బారల నీళ్లు, నల్ల బురద" అని రాసి ఉందనుకుందాం. దివి పాయింటు అంటే దివి దగ్గర సముద్రంలోకి పొడుచుకొచ్చిన నేల కొన. దిక్సూచిలో 32 పాయింట్లు, ఒక్కోటి 11¼ డిగ్రీలు. వాయవ్యం 315, దానికి ఒక పాయింటు కలిపితే 326¼. ఓడ నుంచి దివి అటు ఉందంటే, దివి నుంచి ఓడ ఎదురు దిక్కున, 146¼ డిగ్రీల్లో ఉంది. 5 లీగులు అంటే 15 నాటికల్ మైళ్లు. 15ను 33¾ డిగ్రీల కొసైన్‌తో గుణిస్తే 12.5 మైళ్లు దక్షిణానికి, సైన్‌తో గుణిస్తే 8.3 మైళ్లు తూర్పుకు. ఒక నాటికల్ మైలు అంటే అక్షాంశంలో ఒక నిమిషం, కనుక దివి అక్షాంశంలోంచి 12.5 నిమిషాలు తీసేయాలి. రేఖాంశానికి 8.3ను మన అక్షాంశపు కొసైన్ 0.96తో భాగించి 8.7 నిమిషాలు కలపాలి.

వచ్చిన చుక్కను అలాగే నమ్మెయ్యకండి. ఒక్క పాయింటు అటూ ఇటూ అయితే 15 మైళ్ల దూరంలో దాదాపు 3 మైళ్లు తేడా వస్తుంది. దూరం కంటితో వేసిన అంచనా. అందుకే లోతుతో సరిచూడాలి. సీసపు గుండు అడుగున గుంట తీసి పశువుల కొవ్వు దట్టించి దించేవారు. అది నేలకు తగిలి పైకి వచ్చేటప్పుడు కొవ్వుకు ఇసుకో, గవ్వముక్కలో, బురదో అంటుకుని వచ్చేది. "నల్ల బురద" అన్న మాట అలా వచ్చిందే. ఈనాటి నౌకాపటంలో కూడా నేల రకం రాసి ఉంటుంది. లోతు 22 మీటర్లు, నేల బురద అని రెండూ కలిస్తే చుక్క దగ్గరలోనే ఉన్నట్టు. ఒకటి కలిసి ఒకటి కలవకపోతే కొలిచిన లోతునే నమ్మి, అంచనా వేసిన దూరాన్ని సవరించండి.

ఇంకొక అడ్డంకి ఉంది. దివి పాయింటు తానున్న చోట ఉండలేదు. కృష్ణ మోసుకొచ్చిన ఒండ్రు మొగల దగ్గర మేట వేస్తూ, కోసుకుపోతూ ఉంటుంది. ఈనాటి దివి నుంచి కొలవడం తప్పు. ఆ కాలపు పటాన్ని క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఈనాటి పటం మీద కూర్చోబెట్టాలి. గుర్తు బిందువులుగా పాత గుడులు, కోట, చర్చి లాంటి కదలనివి ఆరేడు తీసుకోండి. ఒడ్డు గీతను గుర్తుగా తీసుకుంటే పటమంతా వంకర పోతుంది.

గాలి సాక్ష్యం

ఓడ తుపానులో పోయిందంటే దినచర్యలో గాలి మారిన వరస రాసుకోండి. మన వైపు తుపాను గాలి అపసవ్యంగా తిరుగుతుంది. పడమటికి కదిలే తుపానులో గాలి ఈశాన్యం, తూర్పు, ఆగ్నేయం అని మారితే తుపాను కన్ను, అంటే దాని నడిబొడ్డు, ఓడకు దక్షిణంగా పోయినట్టు. ఉప్పెన ఎక్కువగా వచ్చేది ఈ వైపే, ఓడలు ఊళ్లోకి కొట్టుకొచ్చేదీ ఈ వైపే. వాయవ్యం, పడమర, నైరుతి అని మారితే కన్ను ఉత్తరంగా పోయింది, ఓడను సముద్రం వైపు నెట్టింది. గాలి ఒక్కసారిగా ఆగి, కాసేపటికి ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడితే ఓడ కన్నులోనే ఉంది. సైక్లోన్ అన్న మాట పెట్టిన కలకత్తా పిడింగ్టన్ కూడా రకరకాల ఓడల దినచర్యలు పోగేసి ఇలాగే తుపాను దారులు గీశాడు. రెండు మూడు ఓడల వరసలు దొరికితే మీరూ గీయొచ్చు.

పెద్ద అంకెలు

1737లో కలకత్తా తుపానులో 20 వేల ఓడలు, 3 లక్షల మంది పోయారని చాలాచోట్ల ఉంటుంది. 1839లో కాకినాడ దగ్గరి కోరింగలో కూడా 20 వేల పడవలు, 3 లక్షల మంది అనే ఉంటుంది. వందేళ్ల తేడాతో రెండు ఊళ్లలో ఒకే జత అంకెలు రావడం కాకతాళీయం కాకపోవచ్చు, ఎవరో ఎక్కడో ఒకదాన్ని ఇంకొకదానికి అంటగట్టి ఉంటారు. ఆనాటి కాగితం చూడకుండా ఈ అంకెలు ఎత్తి రాయకండి. కోరింగకే 1789లో ఇంకో ఉప్పెన ఉంది, ఆ రెండూ కూడా కలిసిపోతుంటాయి.

1864 కూడా ఇలాంటి ఏడే. అక్టోబరు 5న కలకత్తాలో తుపాను, నవంబరు 1 రాత్రి బందరులో ఉప్పెన. బందరులో నీళ్లు సుమారు 13 అడుగులు లేచి 30 వేల మంది దాకా పోయారు. "1864 తుపానులో పోయిన ఓడ" అని దొరికితే ముందు అది హుగ్లీదా మనదా అని తేల్చండి.

ఇంకో మాట. ఈ కాగితాలన్నిటిలో తెల్లవాళ్ల ఓడలకు పేర్లుంటాయి, మన ధోనీలకు అంకె మాత్రం ఉంటుంది. "దేశవాళీ పడవలు ఎనిమిది" అంటారు, సరంగు పేరు కూడా ఉండదు. మీ పట్టికలో వాటికి పేరు గడి ఖాళీగానైనా సరే ఒక్కోదానికి ఒక్కో వరస ఇవ్వండి. ఒక్క వరసలో ఎనిమిది అని రాసేస్తే రెండోసారి కూడా పోయినట్టే.

తీరానికి వెళ్లినప్పుడు

జనవరి నుంచి మార్చి మధ్యలో వెళ్లండి. బందరు గిలకలదిండి హార్బరులోనూ నిజాంపట్నం హార్బరులోనూ అడగాల్సింది "మునిగిన ఓడ ఎక్కడుంది" అని కాదు. "బాబాయ్, వల ఎక్కడెక్కడ పట్టుకుంటుంది?" అని అడగండి. వల చిక్కే చోట్లన్నీ పెద్ద సరంగులకు తెలుసు, ఈమధ్య జీపీఎస్‌లో గుర్తు పెట్టుకుంటున్నారు కూడా. చేపలు చేరేదీ అక్కడే కాబట్టి ఆ గుర్తులు వాళ్ల ఆస్తి, చెప్పకపోతే వదిలేయండి. చెప్పినా అన్నీ ఓడలు కావు, రాళ్లూ పాత వలల ముద్దలూ ఎక్కువ.

దొరకాల్సినవి లంగర్లు, ఫిరంగులు, అడుగు బరువుకు వేసిన రాళ్లు, రాగి రేకులు, రాగి మేకులు. బందరు నుంచి పోయిన అద్దకం బట్టలు, పంచెలు ఏనాడో కుళ్లిపోయాయి. కొయ్య కూడా నీళ్లలో బయటికి ఉంటే పురుగు తినేస్తుంది, బురదలో కూరుకున్నదే మిగులుతుంది. ఓడ అడుగుకు రాగి రేకు కొట్టడం 1760ల్లో మొదలై 1780లకు మామూలైంది. రేకు దొరికితే అంతకంటే పాత ఓడ కాదని అనుకోవచ్చు.

నాణేలు చూపించి "ఓడలో దొరికినవి" అనేవాళ్లతో జాగ్రత్త. 1808 నాటి పది, ఇరవై కాసుల రాగి నాణేలు మద్రాసు కోసం ఇంగ్లండులో కొట్టినవి. వాటిని తెస్తున్న అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరంలోనే గుడ్విన్ ఇసుక దిబ్బల మీద పోయింది. 1980ల్లో వాటిని లక్షల్లో పైకి తీశారు. అవి ఎవరి చేతా మారలేదు కనుక అక్షరాలు అరగలేదు, పైపొర మాత్రం ఉప్పుకు గుంటలు పడి ఉంటుంది. ఇక్కడ చలామణి అయిన 1808 కాసు అరిగి నున్నగా ఉంటుంది. సముద్రం చూసిన నాణెం అంటే అది కెంట్ తీరం సముద్రం, బందరుది కాదు.

నేలలో దొరికిన పాత వస్తువు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం చెబుతోంది. తవ్వకండి, కడగకండి, ఇంటికి తేకండి. ఉప్పునీళ్లలో నానిన ఇనుము ఆరితే పొరలు పొరలుగా రాలిపోతుంది, కొయ్య చీలిపోతుంది. పక్కన స్కేలు పెట్టి నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసి, జీపీఎస్ అంకెలు రాసుకుని, పోటా పాటా గమనించి రండి. తుపాను తర్వాత మంగినపూడి ఇసుకలో నిలువుగా పాతుకుపోయిన కొయ్య కనిపిస్తే అడ్డంగా తెగిన చోటు చూడండి. వలయాలు ఉంటే ఓడ కొయ్య కావచ్చు. వలయాలు లేకుండా నిలువునా పీచు కనిపిస్తే అది తాటి మొద్దు.